నూట డెబ్బై వోల్టుల పాట

కరెంటు పోతే కూలర్ రెక్కలు వెంటనే ఆగవు. ముందు మోటారు గుంయ్‌మనడం ఆగుతుంది, ఆ తర్వాత కూడా రెక్కలు సంగతి తెలియనట్టు కాసేపు తిరిగి, ఒక్కోటి విడివిడిగా కనిపించి, చివరకు ఆగిపోతాయి. ఇది యోగానంద్‌కు ఊహ తెలిసినప్పటి నుంచీ తెలిసిన సంగతే, కూలర్ల షాపులో పుట్టినవాడికి ఇంకేం తెలుస్తుంది, అయినా ఈ మధ్యాహ్నం రెండు గంటలకు, రాయచూరు బజారులో సగం దించిన షట్టర్ వెనక, కూలర్లకు కట్టే గడ్డి మూటకు వీపు ఆనించి ఆ రెక్కలనే కళ్లప్పగించి చూస్తున్నాడు, ఎందుకంటే చేతిలో ఉన్న ఫోన్ వైపు చూడడానికి మనసొప్పడం లేదు. ఫోన్‌లో ఇప్పుడే బెంగుళూరుకు పంపిన నాలుగు ముక్కలున్నాయి. ‘పృథ్వీ, పాటలు వద్దు. అన్నీ ఆపెయ్.’ పంపాడంటే వేలితో నొక్కాడు, అంతే. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది, దానితో పాటు వైఫై పోయింది, ఇన్ని రేకు డబ్బాల మధ్యకు మామూలు సిగ్నల్ ఏనాడూ రాదు, కాబట్టి ఆ మాటల పక్కన చిన్న గడియారం బొమ్మ పడి కూర్చుంది. కరెంటు రాగానే అవి వాటంతట అవే వెళ్లిపోతాయి. షట్టర్ కింద నుంచి దూరి వీధిలోకి పోతే ఇప్పుడే వెళ్లిపోతాయి, నాలుగడుగుల దూరం, కానీ లేవలేదు. చెరిపెయ్యనూ లేదు. కరెంటు మీద వదిలేశాడు, ఎండాకాలం ఊళ్లో అందరూ అన్నీ దాని మీదే వదిలేసినట్టు.

తొమ్మిది పాటలు. రాసిందీ తనే, పాడిందీ తనే, గిటార్లు తనవే, బేస్ తనదే, పాత బ్యాండు వాళ్ల దగ్గర కొన్న డ్రమ్ములు తనే కొట్టాడు, అవి చాలనిచోట ఖాళీ కూలర్ ట్యాంకు బోర్లించి కొట్టాడు. ఈ రకం పాటలను పవర్ పాప్ అంటారని అతనికి చాలా ఆలస్యంగా తెలిసింది. చిన్నప్పుడు సుల్తాన్ బజారులో కొన్న పేరు చెరిగిన క్యాసెట్‌లో విన్నాడు, గిటార్లు గట్టిగా మోగుతూ ఉంటాయి, డ్రమ్ములు వెనక నుంచి తోస్తూ ఉంటాయి, వాటి మీద పాట మాత్రం బెల్లం పానకంలా ఉంటుంది, మూడు నిమిషాల్లో అయిపోతుంది, మూడు రోజులు నోట్లోంచి పోదు. కరెంటే లేని ఊళ్ల పవర్ పాప్ ఏందీ అని అర్పిత నవ్వింది. భార్య నవ్వితే నొప్పి ఉండదు, ఆమె నవ్వుతూనే ఒక్క ఎండాకాలం నీకిచ్చిన పో అంది. నొప్పి పృథ్వితో వచ్చింది. పాటలకు చివరి మెరుగు పెట్టి లోకం మీదికి వదిలేది అతనే, బెంగుళూరు కుర్రాడు, మంచివాడు, కన్నడంలో మెత్తగా మాట్లాడతాడు. ఒంటిగంటన్నరకు ఫోన్ చేసి, అన్నా, ఒక మాట చెప్తా బాధపడొద్దు అన్నాడు, ఆ ముక్క వినగానే బాధ మొదలైంది. తొమ్మిది పాటల్లో ఒక్కటీ ఉండాల్సిన శ్రుతిలో లేదట. పోనీ అన్నీ ఒకే తీరుగా దిగి ఉంటే అదొక పద్ధతి అనుకోవచ్చు, ఇక్కడ ఒకటి పైకి, ఒకటి కిందికి, ఎనిమిదోదైతే దాదాపు అర మెట్టు కిందికి, ఏ రెండూ కలవవు. మీరు చెవితో కలుపుకున్నారా అన్నా, అని అడిగాడు. ఆ ప్రశ్నలో తప్పేం లేదు. రెండు గంటల పని, అన్నిటినీ లాగి సరైన చోట నిలబెడతా, నమూనాకు ఎనిమిదోది సరిచేసి పంపుతున్నా, మూడు గంటల లోపల చెప్పండి, సాయంత్రం అన్నీ పైకెక్కించాలి అన్నాడు.

సరిచేసిన ఎనిమిదో పాటను యోగానంద్ ఫోన్ స్పీకర్ మీదే పెట్టాడు. బాగుంది. ఇస్త్రీ చేసిన చొక్కాలా ఉంది, ఎక్కడా మడత లేదు. షాపు అవతలి గోడ పక్కన, ఇంకో గడ్డి మూట మీద తండ్రి రంగనాయకులు కళ్లు మూసుకుని పడుకుని ఉన్నాడు, డెబ్బై నాలుగేళ్ల మనిషి, మధ్యాహ్నం ఇంటికి పోయి పడుకోమంటే ఇంట్ల గాలి రాదంటాడు. ఈ ఎండాకాలమంతా కొడుకు ఎదురుగానే వాయిస్తున్నా బాగుందనలేదు, బాగా లేదనలేదు. ఈ రోజు పాట అయిపోయాక కళ్లు తెరవకుండానే ఎవరిదని అడిగాడు. నాదే నాయనా అన్నాడు యోగానంద్. ముసలాయన “మనది గాదు గది,” అని పక్కకు తిరిగాడు. ఆ తర్వాతే యోగానంద్ ఆ నాలుగు ముక్కలూ కొట్టాడు. పరాయివాడు శ్రుతి లేదంటే ఓర్చుకోవచ్చు, సరిచేసిన పాటను కూడా కన్నతండ్రి మనది కాదంటే ఇక మిగిలేదేముంది.

చెవి లేదు. ఆ మాట అతనికి కొత్తది కాదు, పదహారో ఏట పడింది, పడ్డ చోటే ఉండిపోయింది. గురురాజ్ మాస్టర్ ఆర్కెస్ట్రా అంటే అప్పట్లో ఊళ్లో పెద్ద పేరు, పెళ్లి రిసెప్షన్లకు తెల్ల ప్యాంట్లు వేసుకుని పోయేవాళ్లు. గిటార్ వాయించేవాడు మానేస్తే యోగానంద్‌ను రమ్మన్నారు. ఆ రోజు షాపులోంచి గిటార్ భుజాన వేసుకుని పోతుంటే బజారంతా తననే చూసినట్టుండింది, ఎవరూ చూడలేదు, అందరూ నీడ వెతుక్కుంటున్నారు. మొదటి రోజు ఒక్కసారి తీగలన్నీ మీటగానే మాస్టర్ కీబోర్డు మీద వేలు ఆపి మొహం చిట్లించాడు. రెండో రోజు అదే. మూడో రోజు లేచి వచ్చి, పదిమంది ముందు, రోజుకో శ్రుతి మోసుకొస్తవేందిరా, నీకు చెవి లేదు, ఉన్నా రోజుకో తీరుగ ఉంటది, పో, పోయి మీ నాయనకు గడ్డి కట్టు అన్నాడు. కీబోర్డుకు కలుపుకో అని ఒక్క మాటంటే కలుపుకునేవాడే. అడగలేదు. తనకూ అడగాలని తోచలేదు, షాపులో తీగలు అంత బాగా పలికాయి కదా, ఇక్కడికి రాగానే ఏమైందని గిటార్ వైపు చూస్తూ నిలబడ్డాడు. షాపుకొచ్చి తండ్రికి చెప్పాడు, ఏడవకుండా చెప్పాలని చాలా ప్రయత్నించి ఏడుస్తూ చెప్పాడు. తండ్రి ఏమీ అనలేదు. చొక్కా తొడుక్కుని బయటికి పోయాడు, గంట తర్వాత వచ్చాడు, మోటారు విప్పుకుంటూ కూర్చున్నాడు, గడ్డి పట్టుకో అన్నాడు. అంటే మాస్టర్ చెప్పింది నిజమేనని నాయనకూ తెలుసు అనుకున్నాడు యోగానంద్. మోటారు చప్పుడు వీధి చివర నుంచి విని దాని బేరింగ్ పోయిందో, రెక్క వంగిందో చెప్పే మనిషి, కొడుకు చెవి సంగతి చెప్పలేడా. చెప్పలేదంటేనే చెప్పినట్టు. అప్పటి నుంచి ఇరవై ఆరేళ్లు గిటార్ అటక మీదే ఉంది, మధ్యలో రెండుసార్లు దింపి దుమ్ము తుడిచి మళ్లీ ఎక్కించాడు.

చెమట మెడ మీది నుంచి వీపులోకి జారుతోంది. కరెంటు లేని షాపులో ముప్పై రెండు కూలర్లుండి ఒక్కదాని గాలీ లేకపోవడం ఎంత నవ్వులాటగా ఉంటుందో బయటివాళ్లకే తెలుస్తుంది, లోపలివాళ్లకు ఉక్కే తెలుస్తుంది. అవతల తండ్రి అట్టముక్కతో విసురుకుంటున్నాడు, అంటే నిద్రపోలేదు. షట్టర్ కింద నుంచి తెల్లగా ఎండ ఒక పట్టీలా పడి ఉంది, అందులోంచి ఎవరివో చెప్పులు పోయాయి, ఒక కుక్క తల దూర్చి లోపల కూడా ఇంతేనా అన్నట్టు చూసి పోయింది. వీధిలో గోళీసోడా బండివాడు సీసాల మీద తెరిచే కట్టెతో టకటకా టకటక్ అని కొడుతూ పోతున్నాడు, ఐదో పాట డ్రమ్ము అదే, వాడికి తెలియదు. ఒకటో పాట బొరుగులతో చేసే మండక్కి వగ్గాణి మీద, పొద్దున్నే మిర్చి బజ్జీతో తిని నోరు మండి నీళ్లు లేక వీధికుళాయి దగ్గర నిలబడే పాట. మూడోది ‘గిల్లేసూగూరు పెళ్లి’. అద్దె కూలర్లను టెంపోలో ఎక్కించుకుని ఆ ఊళ్లో ఒక పెళ్లికి తెల్లవారకముందే పోయి దింపితే, పెళ్లికొడుకు కన్నా ముందు కూలరుకే ఎదురొచ్చి బాజా కొట్టారు, పెళ్లికూతురు అవ్వ కూలర్ ముందు కుర్చీ వేసుకుని ముహూర్తానికి కూడా లేవలేదు. ఏడోది హట్టి బస్సు మీద, లింగసూగూరు దాటాక కిటికీ కడ్డీ ముట్టుకుంటే వేలు కాలుతుంది, హట్టి బంగారు గనిలో డ్యూటీ దిగినవాళ్లు అందులోనే తలలు వాల్చి హాయిగా నిద్రపోతారు. ఎనిమిదోది ‘గడ్డి వాసన’. కొత్త గడ్డి మీద మొదటిసారి నీళ్లు పడగానే వచ్చే వాసన, అంతే, ఇంకేం లేదు ఆ పాటలో, తండ్రి తడి చేతులు, అమ్మ కూలర్ ఎదురుగా ఆరబెట్టిన చీర, ఎక్కడున్నా ఆ వాసనొస్తే తను మళ్లీ పదేళ్లవాడైపోవడం. ఇవన్నీ నిజాలే. నిజాలను చెవి లేనివాడు పాడితే అబద్ధాలయిపోతాయా. ఏమో, అయిపోతాయేమో, శ్రుతి తప్పిన నిజాన్ని ఎవరు నిలబడి వింటారు.

పోనీలే. ఒక్కసారి పోనీలే అనుకోగానే ఎంత తేలికయిందో చూసి అతనికే సిగ్గేసింది. ఇక ఎవరూ వినరు, ఎవరూ మొహం చిట్లించరు, రేపటి నుంచి మధ్యాహ్నాలు హాయిగా పడుకోవచ్చు. పన్ను పీకించుకున్నాక నాలుక ఆ సందులోకే పోయినట్టు మనసు మాత్రం మళ్లీ అక్కడికే పోతోంది. చెవితో కలుపుకున్నారా అన్నా. అవును, చెవితోనే. ఫోన్‌లో శ్రుతి చూపించే యాప్ ఉంది, కానీ ఈ షాపులో అది ఎప్పుడూ పిచ్చిపట్టినట్టు ముల్లు అటూ ఇటూ ఊపుతుంది, ఎందుకంటే తను కలుపుకునే వేళకు నాయన పెద్ద కూలర్‌ను నడిపిస్తూ ఉంటాడు. అది అద్దెకిచ్చేది, మనిషి ఎత్తుంటుంది, పెళ్లిళ్ల మధ్య ఖాళీ ఉన్న ప్రతి రోజూ మధ్యాహ్నం అరగంట నడిపి రేకు మీద అరచెయ్యి ఆనించి వినడం నాయన అలవాటు. అది నడుస్తుండగా గిటార్ కలుపుకోవడం, కలిపాక నాయనా ఆపు అనడం, ఆయన ఆపడం, ఆ నిశ్శబ్దంలో పాట పట్టడం, ఎండాకాలమంతా జరిగింది ఇదే. ఆ చప్పుడు ఆగగానే షాపు ఎంత ఖాళీ అవుతుందంటే చెవుల్లో దాని జాడ మాత్రం గుంయ్‌మని మిగిలేది, దాని మీదే మొదటి తీగ పడేది. ఎంత బాగా పడేదో. ఒళ్లు జలదరించేది. చెవి లేనివాడికి ఒళ్లెందుకు జలదరించాలి?

టప్ మని ట్యూబులైటు కొట్టుకుంది. కరెంటు. మూలన వైఫై డబ్బాలో ఎర్ర చుక్క వెలిగింది, అది లేచి కళ్లు నులుముకుని పని మొదలుపెట్టేసరికి రెండు నిమిషాలు పడుతుంది. రెండు నిమిషాల్లో ఆ నాలుగు ముక్కలు పోతాయి. పోనీ. పెద్ద కూలర్ స్విచ్ వేసే ఉంది, అది బద్ధకంగా కదిలింది, గుర్రుమంది, గుర్రు గుంయ్ అయింది, గుంయ్ మెల్లగా పైకెక్కింది, ఇంకా ఎక్కాల్సిన చోట ఎక్కకుండా ఒక దగ్గర నిలబడిపోయింది. వోల్టేజీ తక్కువుంది, ఈ వేళకు ఊరంతా కూలర్లే కదా. అది అక్కడ నిలబడిన మరుక్షణం షాపులో ఇంకొకరెవరో పాడడం మొదలుపెట్టారు. సన్నగా, ముక్కుతో పాడినట్టు. యోగానంద్ అటూ ఇటూ చూశాడు. గోడకు ఆనించిన గిటార్. ఎవరూ ముట్టుకోలేదు. ఎనిమిదో పాట పట్టాక పది రోజులుగా దాన్ని ఎవరూ ముట్టుకోలేదు, అన్నిటికన్నా చివర పట్టింది అదే. లేచి పోయి చెయ్యి పెడితే లావు తీగ వేలి కింద చీమలు పాకినట్టు వణుకుతోంది. చెయ్యి తీస్తే మళ్లీ పాడుతోంది. కూలర్ పాడుతున్న చోటే పాడుతోంది, జొన్న గింజంత తేడా లేకుండా.

అప్పుడు కళ్లు పెద్ద కూలర్ పక్క రేకు మీదికి పోయాయి. ఎన్ని వందల సార్లు చూసినా చూడనిది. సుద్దముక్కతో తండ్రి రాసిన గీతలు, పై నుంచి కింది దాకా. కూలర్‌ను ఎప్పుడు నడిపినా గోడ మీటరు చూసి, తేదీ, వేళ, ఎన్ని వోల్టులున్నాయో రేకు మీద రాస్తాడు ఆయన. రేపు ఎవరైనా గాలి రాలేదని మోటారును తిడితే, తప్పు మోటారుదా కరెంటుదా తేల్చడానికి. మీటరు ముల్లు తగ్గితే రెక్కలు మెల్లగా తిరుగుతాయి, రెక్కలు మెల్లగా తిరిగితే చప్పుడు కిందికి దిగుతుంది, ఇది షాపులో పనిచేసే ఎవరికైనా తెలుసు. ఇంత తెలిసీ తన పాటలతో కలిపి చూడలేదు. మే పదహారు, రెండు గంటలు, 170. ఎనిమిదో పాట, అన్నిటికన్నా కిందికి దిగింది. మార్చి ఇరవై తొమ్మిది, పొద్దున ఐదు, 225. గిల్లేసూగూరు పెళ్లికి పోయొచ్చిన మర్నాడు, తిరిగొచ్చిన కూలర్‌ను నాయన తెల్లవారుజామునే నడిపి చూసినప్పుడు పట్టిన మూడో పాట, పృథ్వి పైకెక్కిందన్నది అదే. ఏప్రిల్ పదకొండు, 190. హట్టి బస్సు. ఫోన్‌లో పాటల తేదీలు చూస్తూ, రేకు మీద వేలితో దిగుతూ పోయాడు, తొమ్మిదికి తొమ్మిదీ వరసగా దొరికాయి. రోజుకో శ్రుతి. అవును మాస్టర్, రోజుకో శ్రుతే, రోజుకో కరెంటు మరి. చెవి తప్పు వినలేదు. చెవి ఏ రోజు ఊళ్లో ఏది మోగుతుంటే దాన్ని పట్టుకుంది, వదల్లేదు, పదహారో ఏట కూడా ఇదే షాపులోంచి ఇదే చప్పుడును భుజాన మోసుకునిపోయి మాస్టర్ ముందు పెట్టింది. గట్టిగా ఊపిరి పీలిస్తే తడి గడ్డి వాసన లోపలి దాకా పోయింది, నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి, ఏది వస్తే అది రానీ అనుకున్నాడు.

వైఫై డబ్బాలో పచ్చ చుక్క ఒకటి వెలిగింది, రెండోది మిణుకుతోంది. ఫోన్! గడియారం బొమ్మ ఇంకా ఉంది. నొక్కిపట్టాడు, చెమట వేలు జారింది, చొక్కాకు తుడుచుకుని మళ్లీ నొక్కి చెరిపేశాడు. పోయింది. ఆ నాలుగు ముక్కలు ఎక్కడికీ పోకుండానే పోయాయి. రెండో చుక్క పచ్చగా నిలబడింది. అప్పుడు సరిచేయని ఎనిమిదో పాట, తను పట్టింది పట్టినట్టు, స్పీకర్ మీద పెట్టాడు. కూలర్ చప్పుడులో గిటార్లు నీళ్లలో చక్కెరలా కలిసిపోయాయి, గొంతు మాత్రం పైన తేలింది. తండ్రి అట్టముక్క విసరడం ఆపాడు. ఒక కన్ను తెరిచాడు.

“గిది మనది. నూట డెబ్బై మీద పట్టినవ్ గదా,” అన్నాడు.

నీకెట్ల తెలుసు నాయనా అని అడిగాడు యోగానంద్. ముసలాయన దానికేం జవాబు చెప్తాడు, మోటారు చప్పుడు ఎట్ల తెలుసని ఎవరైనా అడుగుతారా. లేచి కూర్చుని, పంచె సర్దుకుని, మామూలు సంగతి చెప్పినట్టే చెప్పాడు.

“గా గురురాజ్ మాస్టరుకు అప్పుడే పోయి చెప్పిన. మా వాని చెవి వంకర గాదు, మా షాపుల కరెంటు వేరు, మీ గదిల కరెంటు వేరు, ఒక్కసారి మీ పెట్టెకు కలుపుకోమనుండ్రి అని. మోటార్ల సంగతి మీరు చూస్కోండి సేట్, స్వరాల సంగతి నేను చూస్కుంట అన్నడు. నగిండ్రు అందరు.”

ఆ గంట. చొక్కా తొడుక్కుని బయటికి పోయిన ఆ గంట. “నాకెందుకు చెప్పలేదు నాయనా?”

“నగిండ్రని చెప్పుకుంటరా? నువ్వు గూడ అడగలే,” అని రంగనాయకులు, నీకెక్కడి చెవిరా, నా చెవే గది, అని గొణుక్కుంటూ లేచి నిలబడ్డాడు.

యోగానంద్ పృథ్వికి రాశాడు. ఏదీ సరిచేయొద్దు, తొమ్మిదీ ఎట్లున్నవి అట్లే ఎక్కించు, ఎందుకో సాయంత్రం ఫోన్‌లో చెప్తా. గడియారం బొమ్మ పడలేదు, వెంటనే పోయింది. మూడుకు ఇంకా పది నిమిషాలుంది. అవతల తండ్రి పెద్ద కూలర్ ముందు నిలబడి, గోడ మీటరు చూసి, ఇవాళ్టి తేదీ పక్కన 170 అని రాశాడు, రాసి సుద్దముక్క జేబులో వేసుకోకుండా మే పదహారు దగ్గర వేలు ఆనించి, గా పాట పేరేంది అని అడిగాడు. గడ్డి వాసన, అన్నాడు కొడుకు. ఆయన చదివింది కన్నడ బడి. తెలుగు మాటను కన్నడ అక్షరాల్లో, రేకు గరుకు మీద సుద్ద విరక్కుండా మెల్లమెల్లగా రాసి, తక్కినవి చెప్పు అన్నాడు.